అవమానానికి వూండ్ సర్టిఫికెట్ ఉండదు

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు ఏ పత్రిక తిరగేసినా ఒక విశ్లేషణ తప్పకుండా కనబడుతుంది. ఓడిన నాయకుడికి గర్వం తలకెక్కిందనీ, ఆ గర్వమే అతన్ని ముంచిందనీ రాస్తారు. కాస్త చదువుకున్న విశ్లేషకులు దానికి గ్రీకు పేరు పెట్టి 'హ్యూబ్రిస్' అంటారు. ఈమధ్య టీవీ చర్చల్లోనూ ఈ మాట తరచు వినబడుతోంది. హ్యూబ్రిస్ అంటే మితిమీరిన గర్వమనీ, అది పట్టినవాడు ఏనాటికైనా కూలక తప్పదనీ, గ్రీకులు చెప్పింది ఇదేననీ చాలామంది అనుకుంటున్నారు.

నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసుకునే వకీలుని. ఈ మాట మీద నాకు పట్టింపు ఉండడానికి కారణం ఒకటే. ప్రాచీన గ్రీకుల ఏథెన్సు నగరంలో హ్యూబ్రిస్ అనేది కోర్టులో నడిచే ఒక కేసు పేరు. 'గ్రాఫే హ్యూబ్రియోస్' అనేవారు. గర్వంగా ఉన్నాడని ఎవరి మీదా ఆ కేసు పెట్టేవారు కాదు. మనసులో ఎంత గర్వం ఉంటే మాత్రం కోర్టుకేం పని? సాటి మనిషిని కొట్టో, బట్టలు లాగో, చెరిచో, నలుగురిలో తల ఎత్తుకోలేకుండా చేసో, అందులో ఆనందం పొందినవాడి మీద పెట్టేవారు. అంటే హ్యూబ్రిస్‌లో ఎప్పుడూ ఇద్దరుంటారు. చేసినవాడు, పడినవాడు. మనం ఇవాళ వాడుతున్న అర్థంలో ఆ రెండోవాడు మాయమైపోయాడు. నా బాధంతా అదే.

అరిస్టాటిల్ తన అలంకార శాస్త్రం రెండో భాగంలో కోపం గురించి చెబుతూ దీన్ని వకీళ్లకు పనికొచ్చేటంత స్పష్టంగా నిర్వచించాడు. ఎదుటివాడు సిగ్గుపడేలా ఒక పని చేయడమో, మాట అనడమో హ్యూబ్రిస్. దానివల్ల చేసినవాడికి మరే లాభమూ ఉండకూడదు, ఆ చేయడంలోని సంతోషం తప్ప. దొంగకి డబ్బు కావాలి కాబట్టి వాడిది హ్యూబ్రిస్ కాదు. దెబ్బకు దెబ్బ తీసినవాడిది ప్రతీకారం, అదీ హ్యూబ్రిస్ కాదు. మరి ఇందులో సంతోషం ఏమిటంటే, ఎదుటివాణ్ని కించపరిస్తే తాను అంత ఎత్తుకు ఎదిగినట్టు అనిపించడమట. అందుకే యువకుల్లోనూ ధనవంతుల్లోనూ ఈ గుణం ఎక్కువ అన్నాడు. మన పోలీస్ స్టేషన్‌లో ఒక్కరోజు కూర్చుంటే చాలు, ఆ మాటలో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదని తెలుస్తుంది.

ఏథెన్సులో ఈ నేరానికి దొరికిన అతి పెద్ద ఉదాహరణ ఒక చెంపదెబ్బ. క్రీస్తు పూర్వం 348 ప్రాంతం. డయొనీసియా ఉత్సవాలు. ఆ ఏడాది తన తెగ తరఫున గాయకబృందానికి ఖర్చు పెట్టి నిలబెట్టే బాధ్యత వక్త డెమోస్తనీస్ తీసుకున్నాడు. అతనికి పాత శత్రువు మెయిడియాస్, మహా ధనవంతుడు. బృందం కోసం కంసాలి దగ్గర చేయిస్తున్న బంగారు కిరీటాలనూ, పట్టుబట్టి కుట్టిస్తున్న దుస్తులనూ పాడుచేయించడానికి చూశాడు. చివరికి నిండు రంగశాలలో, జనం అంతా చూస్తుండగా డెమోస్తనీస్ మొహం మీద కొట్టాడు.

ఈ మెయిడియాస్ ఎలాంటివాడో డెమోస్తనీస్ తన వాదనలో రాసుకున్నాడు. ఎలూసిస్‌లో చుట్టుపక్కల ఇళ్లకు వెలుతురు రాకుండా అడ్డమయ్యేంత పెద్ద మేడ కట్టాడు. భార్యను ఉత్సవాలకు తీసుకెళ్లడానికి సిక్యాన్ నుంచి తెప్పించిన తెల్లగుర్రాల జత కట్టిస్తాడు. బజారులో ముగ్గురు నలుగురు మనుషుల్ని వెంటేసుకుని జనాన్ని తోసుకుంటూ నడుస్తూ, తన ఇంట్లో ఉన్న గిన్నెల గురించీ పానపాత్రల గురించీ దారినపోయేవాళ్లకు వినబడేలా పైకి మాట్లాడతాడు. ఇవి చదువుతుంటే మనకు తెలిసిన మొహాలు కొన్ని కళ్ల ముందు మెదులుతాయి. కానీ కేసు మేడ మీద కాదు, గుర్రాల మీద కాదు. దెబ్బ మీద.

ఆ దెబ్బను కోర్టుకు ఎలా వివరించాలన్న దగ్గర డెమోస్తనీస్ చెప్పిన విషయం నా వృత్తిలో నాకు రోజూ అక్కరకొస్తుంది. కొట్టేవాడు నిలబడిన తీరు, చూసిన చూపు, గొంతులోని ఎత్తిపొడుపు, వీటిని పడినవాడు తర్వాత ఇంకొకరికి చెప్పలేడట. దెబ్బ బాధ ఒక ఎత్తు, ఆ చెప్పలేనిది ఒక ఎత్తు. ఎందుకిలా అంటున్నాడో చూపడానికి ఒక పాత కేసు ఎత్తుకుంటాడు. ఒక విందులో బోయొటస్ అనేవాడు యువాయిన్ అనేవాణ్ని ఒకే ఒక్క దెబ్బ కొడితే, వాడు అక్కడే అతన్ని చంపేశాడు. అయినా న్యాయనిర్ణేతల్లో దాదాపు సగంమంది యువాయిన్ వైపే ఓటు వేశారు. ఒక్క ఓటు తేడాతో అతను దోషి అయ్యాడు. హత్యను నేను సమర్థించను. ఆ సగంమందికి అర్థమైంది ఏమిటన్నదే నాకు కావాలి. ఆ దెబ్బ బరువెంతో వాళ్లు కొలవగలిగారు.

ఇంకో కేసు ఇంతకంటే మనకు దగ్గరది. అరిస్టన్ అనే కుర్రవాడు ఒక సాయంత్రం బజారులో స్నేహితుడితో నడుస్తుంటే కోనన్ అనే పెద్దమనిషి, అతని కొడుకు, మరికొందరు తాగి మీదపడ్డారు. పైబట్ట లాగేశారు. బురదలో పడేసి తొక్కారు. పెదవి చిట్లింది, కళ్లు వాచి మూసుకుపోయాయి. అప్పుడు కోనన్ చేసిన పని ఇది: కిందపడ్డ ఆ కుర్రవాడి పక్కన నిలబడి, పందెం గెలిచిన కోడిలా కూశాడు. పక్కవాళ్లు ఎగదోస్తుంటే మోచేతుల్ని రెక్కల్లా పక్కలకు కొట్టుకున్నాడు. గాయాలు మానాక అరిస్టన్ కోర్టుకు వచ్చాడు. వైద్యుడి సాక్ష్యం ఉంది. అయినా అతని వాదనకు ప్రాణం ఆ కోడికూతలోనే ఉంది. సంక్రాంతికి బరి పక్కన నిలబడ్డవాళ్లకు ఆ కూతంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఇంత జరిగినా అరిస్టన్ హ్యూబ్రిస్ కేసు పెట్టలేదు, సాధారణ కొట్లాట దావాతో సరిపెట్టుకున్నాడు. అంత పెద్ద కేసు నీ వయసుకు మోయలేని బరువు, వద్దని పెద్దలు అతనికి చెప్పారట. ఆ పెద్దల గొంతు నాకు బాగా తెలుసు. రెండువేల మూడువందల ఏళ్ల తర్వాత మా కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక మనిషి సంగతి చెబుతాను. కృష్ణా డెల్టాలో ఒక రైసుమిల్లులో హమాలీ. యాభై దాటిన మనిషి. బస్తాల లెక్కలో తేడా వచ్చిందని యజమాని కొడుకు కేకలేశాడు. ఇతను మళ్లీ లెక్కపెట్టి, తేడా లేదని చూపించాడు. తప్పు అక్కడే జరిగింది, లెక్క తనదే నిజమని నిరూపించడంలో. ఆ కుర్రవాడు ఇతని భుజం మీది తువ్వాలు లాగి, దానితో తన మోటారుసైకిలు తుడవమన్నాడు. తుడిచాడు. అప్పుడు కాలి చెప్పు తీసి రెండు వాయించాడు. సరిగ్గా ఆ సమయానికి ఈయన వియ్యంకుడు ధాన్యం తోలుకుని మిల్లుకు వచ్చి ఉన్నాడు.

స్టేషన్‌కు వెళ్తే మొదటి ప్రశ్న, "దెబ్బ ఎక్కడ తగిలింది, చూపించు." ఆస్పత్రికి పంపితే వూండ్ సర్టిఫికెట్‌లో గాయాలేమీ లేవని వచ్చింది. ఇది నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా తాము దర్యాప్తు చేయకూడని నేరం అని చెప్పి, జనరల్ డైరీలో రెండు ముక్కలు రాసి పంపేశారు. వారం తిరక్కుండా పెద్దమనుషులు కూర్చోబెట్టి కొంత డబ్బు ఇప్పిస్తామన్నారు. ఆయన నా గదిలో బల్ల అంచు పట్టుకుని నిలబడే మాట్లాడాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "డబ్బు సంగతి కాదు లాయరుగారూ, ఆయన చూశాడండీ. నా కూతురు ఆ ఇంట్లో ఉందండీ" అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు. డెమోస్తనీస్ చెప్పిన ఆ 'చెప్పలేనిది' అప్పుడు నా ఎదురుగా నిలబడి ఉంది.

హ్యూబ్రిస్ అనే మాట మూలధాతువు ఏదన్న దానిమీద పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అయితే ఏ ధాతువు కన్నా అది వాడుకలో ఎక్కడెక్కడ తిరిగిందో చూడడం నాకు ఎక్కువ తృప్తినిస్తుంది. హోమర్ 'ఒడిస్సీ'లో యజమాని లేని ఇంట్లో చేరి, అతని పశువుల్ని కోసుకు తింటూ, భార్యను పెళ్లాడమని వేధించే మగవాళ్ల గుంపుకు ఈ మాట వాడతాడు. బిచ్చగాడి వేషంలో వచ్చిన ఇంటి యజమాని మీద వాళ్లలో ఒకడు పాదపీఠం విసురుతాడు, ఇంకొకడు ఎద్దుకాలు విసురుతాడు. తిండి ఎక్కువై పోట్లాడే జంతువులకు కూడా ఇదే మాట.

మొక్కలకు సైతం వాడారు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ రాసిన వృక్షశాస్త్రంలో, విపరీతంగా పెరిగి కాయని బాదం చెట్టు మానులోకి ఇనుప మేకు దిగ్గొట్టి, తర్వాత అక్కడ ఓక్ కర్ర మేకు పెట్టడం గురించి ఉంది. చెట్టు హ్యూబ్రిస్‌ను శిక్షించడం అని రైతులు దానికి పేరు పెట్టుకున్నారట. యూరియా ఎక్కువైన పత్తి నిలువెత్తు ఆకు వేసి కాయ నిలపకపోతే గుంటూరు రైతు తల తుంచుతాడే, అదే పని.

ఈ దారిలో చూస్తే మన తెలుగు మాటలు ఇంగ్లీషు వాడకం కన్నా ఆ గ్రీకు వాడకానికే దగ్గర. కొవ్వెక్కడం, ఒళ్లు బలవడం, కండకావరం, మదం. ఇవన్నీ ఒంట్లో మిగులు పోగుపడి ఎవరి మీదో ఒకరి మీద తీర్చుకోవడాన్ని చెప్పే మాటలు. పెద్దలు లెక్కపెట్టిన అష్టమదాలలో అన్నమదం, అర్థమదం ఉన్నాయి, కులమదం ఉంది, ఉద్యోగమదం ఉంది. తనను తాను గొప్పగా అనుకుంటూ తన ఇంట్లో తాను కూర్చున్నవాణ్ని చూసి మన ఊళ్లో ఎవరూ కొవ్వెక్కిందనరు. వాడు ఎవరినో ఏదో చేశాకే అంటారు.

మరి ఈ మాట 'గర్వం, ఆపై పతనం' అన్న అర్థానికి ఎలా జారింది? నాటకాల పాత్ర కొంత ఉంది. క్రీస్తు పూర్వం 472లో ఏస్కిలస్ వేసిన 'పర్షియన్లు' నాటకంలో, సలామిస్‌లో ఓడిన పారశీక చక్రవర్తి క్సెర్‌క్సెస్ కథ ఇలాగే నడుస్తుంది. తుఫానుకు వంతెన తెగిపోయిందని ఆ చక్రవర్తి సముద్రానికి 300 కొరడాదెబ్బలు కొట్టించి, సంకెళ్లు వేయించాడని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అందరికీ ఆ కొరడా గుర్తుండిపోయింది. అదే పేరాలో వంతెన కట్టినవాళ్ల తలలు నరికించాడని కూడా ఉంది, అది ఎవరికీ గుర్తులేదు. తర్వాత యూదుల గ్రంథాలను గ్రీకులోకి మార్చినప్పుడు, సామెతల గ్రంథంలో వినాశనానికి ముందు వచ్చే గర్వానికి ఇదే మాట వేశారు. 19వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది మనిషి లోపలి గుణంగా స్థిరపడిపోయింది.

ఇప్పుడది జబ్బుగా కూడా మారింది. వైద్యుడిగా పనిచేసి బ్రిటన్ విదేశాంగ మంత్రి అయిన డేవిడ్ ఓవెన్, మనోవైద్యుడు జొనాథన్ డేవిడ్సన్‌తో కలిసి 2009లో 'బ్రెయిన్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అధికారంలో ఎక్కువ కాలం ఉన్న నాయకులకు పట్టే 'హ్యూబ్రిస్ సిండ్రోమ్' లక్షణాలు 14 అందులో ఉన్నాయి. ఉపయోగం లేని పని అనను. కానీ రోగి ఎవరు ఇక్కడ? నాయకుడు. మన జాలీ, మన కుతూహలమూ మళ్లీ అతని చుట్టూనే. అతని చేతిలో మాటపడ్డ గుమస్తా, అతని గుమ్మంలో గంటలు నిలబడ్డ ముసలామె ఆ 14 లక్షణాల్లో లేరు.

పతనం కోసం ఎదురుచూడడం వల్ల జరిగే హాని ఇదే. చాలామంది అహంకారులు పడిపోరు. సుఖంగా బతికి, సుఖంగా పోతారు. మెయిడియాసే ఉదాహరణ. డెమోస్తనీస్ చివరికి 30 మీనాల వెండికి కేసు అమ్ముకున్నాడని అతని ప్రత్యర్థి ఎస్కినీస్ నిండు కోర్టులో ఆరోపించాడు. పతనమే రుజువు అనుకుంటే మెయిడియాస్ నిర్దోషి. నేను అలా అనుకోలేను. చెంపదెబ్బ పడిన క్షణంలోనే నేరం పూర్తయింది.

ఏథెన్సును ఆదర్శంగా పెట్టడం నా ఉద్దేశం కాదు. బానిసల చెమట మీద బతికిన నగరం అది, స్త్రీ తనంతట తాను కోర్టుకెక్కలేని నగరం. అయినా ఆ చట్టంలో రెండు విషయాలు నన్ను ఆకట్టుకుంటాయి. బానిసను అవమానించినా అది హ్యూబ్రిస్సే అని చట్టం ఒప్పుకుంది. అలాగే, పడినవాడే ఫిర్యాదు చేయాలన్న నియమం లేదు. పౌరుల్లో ఎవరైనా ముందుకొచ్చి కేసు వేయొచ్చు. జరిమానా పడితే అది ఖజానాకు పోతుంది, వేసినవాడికి చిల్లిగవ్వ రాదు. పైగా న్యాయనిర్ణేతల ఓట్లలో అయిదో వంతు కూడా రాకపోతే అతనికే వెయ్యి డ్రాక్మాల జరిమానా. ఒక మనిషిని నలుగురిలో నేలకు దించితే, దెబ్బ తిన్నది ఊరు మొత్తం అని వాళ్లు లెక్కవేశారు.

అవమానాన్నే నేరంగా పేరుపెట్టి పిలిచిన చట్టం మనకూ ఒకటి ఉంది. అది తెలుగు నేల నెత్తుటి జ్ఞాపకాల మధ్య వచ్చింది. 1985 జూలై 17న కారంచేడు. మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడగవద్దని అడ్డుచెప్పడంతో మొదలై దళితుల హత్యలదాకా పోయింది. 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అది అమల్లోకి వచ్చాక కూడా, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల హత్యలు జరిగాయి. ఆ చట్టంలో, పదిమంది చూసేచోట కించపరచాలన్న ఉద్దేశంతో చేసిన అవమానం దానంతటదే నేరం. 2015 సవరణ మరింత వివరంగా రాసింది. చెప్పుల దండ వేయడం, గుండు గీయడం, మీసాలు తీసేయడం, మొహానికి రంగు పూయడం. చట్టం రాసినవాళ్లు ఇవేవీ ఊహించి రాయలేదు. మన ఊళ్లలో జరిగినవే ఎత్తి రాశారు.

1996 డిసెంబరు 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులను కొట్టి, వారిలో ఇద్దరికి గుండు గీసి కనుబొమలు కూడా తీసేశారు. గుండు గీస్తే గాయం కాదు. నెల తిరిగేసరికి వెంట్రుకలు వస్తాయి. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది, దోషులకు 18 నెలల జైలు. సంఘటనకూ తీర్పుకూ మధ్య 27 ఏళ్లు దాటాయి. అన్నేళ్లు అద్దం ముందు నిలబడిన మనుషుల గురించి ఆలోచించండి.

నా హమాలీకి ఆ చట్టం వర్తించదు, ఆయనది వెనకబడిన కులం. అలాంటివారికి పాత శిక్షాస్మృతిలో 355వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే 133వ సెక్షన్. ఒక మనిషి పరువు తీయాలన్న ఉద్దేశంతో దాడి చేసినా, బలప్రయోగం చేసినా రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఎదుటివాడు హఠాత్తుగా తీవ్రంగా రెచ్చగొట్టినందువల్ల చేస్తే ఈ సెక్షన్ పడదు. అరిస్టాటిల్ ప్రతీకారాన్ని పక్కనపెట్టిన గీత సరిగ్గా ఇక్కడే ఉంది. ఈ సెక్షన్‌కు గాయం అక్కర్లేదు, ఉద్దేశం చాలు. అయినా ఫిర్యాదుల్లో ఇది ఎంత అరుదుగా కనిపిస్తుందో కోర్టుల్లో తిరిగే ఏ వకీలునైనా అడగండి. చేతికి అలవాటైన సాధారణ దెబ్బల సెక్షన్ పడేసి కాగితం మూసేస్తారు.

సాక్షులు దొరకకపోవడం ఇంకో గోడ. మిల్లులో ఆరోజు ఇరవైమంది ఉన్నారని నా కక్షిదారు చెప్పాడు. అడిగితే ఒకరు అప్పుడే వచ్చామన్నారు, ఒకరు లోపల ఉన్నామన్నారు. కౌరవసభలో కూడా ఇదే జరిగింది. జూదంలో రాజ్యం, సొమ్ము, మనుషులు అన్నీ గెలిచాక దుర్యోధనుడికి ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్పించడం వల్ల కొత్తగా వచ్చే లాభం ఏమీ లేదు. ఆమె నిండుసభలో ధర్మం ఏమిటని అడిగింది. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు. కౌరవ సోదరుల్లో నోరువిప్పినవాడు వికర్ణుడొక్కడే. ఏథెన్సులో మాత్రం డెమోస్తనీస్ ఫిర్యాదు ప్రజాసభ ముందుకు వచ్చినప్పుడు, అదే రంగశాలలో కూర్చున్న జనం మెయిడియాస్‌కు వ్యతిరేకంగా చేతులెత్తారు. మెయిడియాస్ డబ్బు అందరికీ తెలుసు, అతని పలుకుబడి అందరికీ తెలుసు. అయినా ఎత్తారు.

అందుకని పాఠకులను నేను కోరేది ఇంతే. మీ కళ్లముందు ఒక మనిషిని చెప్పుతో కొట్టినా, గుంజీలు తీయించినా, బట్ట లాగినా అది వాళ్లిద్దరి గొడవ అనుకుని తప్పుకోకండి. నేరం గురించి సమాచారం ఇవ్వడానికి బాధితుడే కానక్కర్లేదు, చూసినవారు ఎవరైనా స్టేషన్‌కు వెళ్లి ఇవ్వొచ్చు. ఏ చోట, ఏ మాట అన్నాడు, దేనితో కొట్టాడు, ఎవరెవరు చూస్తున్నారు, ఈ నాలుగూ మొదటి కాగితంలోనే రాయించండి. 133వ సెక్షన్ వేయమని అడగండి. పోలీసులు నాన్ కాగ్నిజబుల్ అని చెబితే మేజిస్ట్రేట్ అనుమతితో దర్యాప్తు చేయొచ్చు, ఆ అనుమతి కోసం అర్జీ పెట్టండి. సాక్ష్యానికి సమన్లు వస్తే వెళ్లి, చూసింది చూసినట్టు చెప్పండి.